ఆ గదిలో వదిలిన కాగితం

ఢిల్లీ మునిర్కాలో మూడో అంతస్తు గది. నాకు తలుపు తీసిన ఆవిడకు కింది పెదవి నిలువునా చీలి ఉంది. ఎడమ కన్ను మూసుకుపోయింది. మెడ మీద నాలుగు వేళ్ళ గుర్తులు. నర్సుగా రిటైరైన మనిషిని కదా పిల్లలూ, దెబ్బ చూస్తే దేనితో తగిలిందో చెప్పగలను. కంటి మీదది పిడికిలి. పెదవిది కుక్కర్ మూత.

రిటైరయ్యాక అమ్మమ్మ యూనివర్సిటీలో ఏం పాఠం చెబుతోందని మొన్న ఫోన్లో అడిగారు. పరిశోధన చేసే పిల్లలు మనుషుల దగ్గర ఎలా మెలగాలో చెబుతాను. ప్రశ్నలు అడిగేముందు ఎందుకడుగుతున్నారో చెప్పండి, ఒప్పుకుంటేనే సంతకం తీసుకోండి, ఆ ఒప్పుకోలు కాగితం నకలు ఒకటి వాళ్ళ చేతికి ఇవ్వండి. "అది వాళ్ళ హక్కు, ఇవ్వకుండా గడప దాటొద్దు" అని ప్రతి క్లాసులోనూ పదేపదే చెప్పేదాన్ని.

నా క్లాసులో కూర్చున్న వరంగల్ అమ్మాయి అలాగే చేసింది. ఢిల్లీలో ఉన్న తెలుగు కుటుంబాల్లో భార్యలు పడే దెబ్బల మీద ఆమె పరిశోధన. నాకు తలుపు తీసిన ఆవిడది శ్రీకాకుళం, ఇక్కడ ఆసుపత్రిలో ఆయా. భర్త డ్యూటీకి వెళ్ళిన వేళ చూసుకుని, తలుపు గడియపెట్టి మాట్లాడి, నకలు ఇచ్చి వచ్చింది ఆ అమ్మాయి. కాగితం మీద పెద్ద తెలుగు అక్షరాల్లో ఉంది, భార్యలపై భర్తల హింస అని. కింద ఆవిడ సంతకం.

ఆవిడ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. మర్నాడే భర్తకు దొరికింది. పైకి చదవమన్నాడు. ఒక్కో లైను చదివించి ఒక్కో దెబ్బ కొట్టాడు. అయిపోయాక కాగితాన్ని ఉండచుట్టి నోట్లో కుక్కి, మింగేదాకా గొంతు పట్టుకున్నాడు.

రెండోసారి మాట్లాడడానికి వెళ్ళిన అమ్మాయి ఆవిడను ఆ స్థితిలో చూసి, మెట్ల మీద నుంచే నాకు ఫోన్ చేసింది. నేను మెట్రోలో పరుగున వెళ్ళాను.

"మీరు చెప్పినట్టే చేసిన మేడమ్" అని ఏడ్చింది ఆ అమ్మాయి.

"అవునమ్మా. నేను చెప్పినట్టే చేశావు."

ఆవిడ మాతో వచ్చేస్తానని బట్టలు సంచిలో సర్దుతుండగా భర్త వచ్చేశాడు. నోయిడాలో ఆఫీసు క్యాబు నడుపుతాడు, ఆ రోజు మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు.

"ఓహో! కాయితాలోల్లు మళ్ళీ వచ్చారేటి?" అంటూనే భార్య జుట్టు పట్టి తల తలుపుకేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారి. చెక్క మీద రక్తం.

మీ అమ్మమ్మ గట్టిగా మాట్లాడడం మీరెప్పుడూ వినలేదు. ఆ రోజూ మాట్లాడలేదు. స్టవ్ పక్కనున్న చపాతీ కర్ర తీసుకుని అతని మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు తెలుసు. అతను అరుస్తూ కూలబడ్డాడు. పక్కగది వాళ్ళు ఏమైందోనని "క్యా హువా దీదీ?" అంటూ పరిగెత్తుకొచ్చారు. మేము ముగ్గురం మెట్లు దిగిపోయాం.

ఆటోలో నా చీరకొంగు ఆవిడ నెత్తికి అదిమిపట్టాను. అయినా రక్తం ఆగలేదు. ఆసుపత్రిలో తలకు, పెదవికి కుట్లు వేశారు. అక్కడే పోలీసులకు అంతా చెప్పాం, నేను కొట్టినదీ చెప్పాను. ఆవిడను ఢిల్లీ పక్కనే వైశాలిలో, మా చర్చికి వచ్చేవాళ్ళింట్లో ఉంచాం.

జరిగిందంతా రాసి యూనివర్సిటీ వాళ్ళకిచ్చాను. నకలు నియమం ప్రకారమే ఇచ్చారు కాబట్టి మీ తప్పు లేదన్నారు. నాకు ఆ మాట సహించలేదు. ఆవిడ ఇంట్లో ఆ కాగితాన్ని ఎవరు చూస్తారని అడగమని నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఇప్పుడు ముందు అదే చెబుతున్నాను. వాళ్ళు వద్దంటే నకలు మన దగ్గరే ఉంచండి అంటున్నాను.

కుట్లు తీశాక ఆ అమ్మాయి వైశాలి వెళ్ళింది, నేనూ వెళ్ళాను.

"అక్కా, మీరు చెప్పినవన్నీ నా పరిశోధనల నుంచి తీసేస్త. తీసెయ్యమనే హక్కు మీకుంటది" అంది.

ఆవిడ నవ్వబోయింది. పెదవి లాగి ఆగిపోయింది.

"తీసేత్తావా? నేను మింగిన కాయితం మళ్ళీ తెచ్చివ్వగలవా? ఒక్క ముక్క తీసినా ఊరుకోను. కూకో, అడుగు."

అమ్మాయి నా వైపు చూసింది. నేను తలూపలేదు, అది నేను చెప్పాల్సింది కాదు. తనే పుస్తకం తెరిచి, ఎన్నిసార్లు కొట్టాడని అడిగింది.

"పెళ్ళి కాడ్నించి సెప్పమంటావా," అంది ఆవిడ, "మొన్నటి కాడ్నించి ఎనక్కి సెప్పమంటావా?"