పదిహేనో మైలు

మా బడి ఉన్న ఊరి పేరు పదిహేనో మైలు. కొండవాళ్ళ భాషలో అసలు పేరొకటి ఉండేది. అది బస్సులవాళ్ళకి నోరు తిరగక, శృంగవరపుకోట నుంచి అరకు ఎక్కే ఘాట్ రోడ్డు మీది మైలురాయి పేరే స్థిరపడిపోయింది. నేను పంతులమ్మగా చేరిన కొన్నాళ్ళకి మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చాయి. రోడ్డువాళ్ళు కొత్త రాళ్ళు పాతి, సున్నం కొట్టి, చక్కా పోయారు. ఊరి పేరు మార్చాలని ఎవరికి తోస్తుంది?

ఆ ఏడు దసరా ముందు, కోటలో ఉండే అమ్మ వస్తానని కబురు పెట్టింది. చూసిపోవడానికి కాదు, నన్ను వెంటబెట్టుకుపోవడానికి. పెళ్ళికాని పిల్ల కొండల్లో ఒంటరిగా ఉందని ఆవిడకి కంటిమీద కునుకు లేదు. ఉద్యోగం వదలనని నాదీ మొండిపట్టే. ఏం చెప్పి ఒప్పించాలా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

సాయంత్రం బస్సు వచ్చింది. అమ్మ దిగలేదు. అడిగితే కొత్త కండక్టరు, "పెద్దావిడా? పదిహేను కాడే దింపీసినానమ్మా! రాయి సూసే దింపినాను," అన్నాడు.

నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పదిహేనో కిలోమీటరంటే చాలా దిగువన, అడవి మధ్య మలుపు. అక్కడ ఒక్క ఇల్లు లేదు. కిందికి వెళ్తున్న కలప లారీని ఆపి ఎక్కాను.

అమ్మ రాయి మీద కూర్చుని ఉంది. సంత నుంచి తిరిగొస్తున్న కొండ ఆడవాళ్ళిద్దరు బుట్టలు దించి, పక్కనే చితుకుల మంట వేశారు. వాళ్ళకి తెలుగు రాదు, ఆవిడకి వాళ్ళ మాట రాదు. పరాయివాళ్ళింట మంచినీళ్ళైనా ముట్టని మా అమ్మ, వాళ్ళిచ్చిన ఉడికిన దుంప ఒలుచుకు తింటోంది.

"ఒలే గుంటా, ఇదేటే నీ ఊరు? బడేదే?" అంది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వాళ్ళెందుకు ఆగారని అడిగాను.

"పంతులమ్మ తల్లినన్నాను. పంతులమ్మన్న ముక్క ఇని బుట్టలు దించీసినారు. సీకటి పడిపోతంది, ఎల్లిపోండే అన్నా కదల్లేదు."

పైకి వెళ్ళే ఉప్పు లారీ దొరికితే నలుగురం ఎక్కాం. దారంతా అమ్మ ఆ ఇద్దరి బుట్టలూ దొర్లిపోకుండా పట్టుకు కూర్చుంది. నేను కూడబెట్టుకున్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి. ఊరు చేరాక ఊరగాయ జాడీ తీసి, సగం ఆ ఇద్దరికీ ఆకుల్లో కట్టి ఇచ్చింది. మిగతాది నా గూట్లో సర్దింది.

"రేపు బస్సుకి నానొక్కదాన్నే ఎల్తానే," అంది. "కోటలో సరిగ్గా దింపమని ఆ కండక్టరికి గట్టిగా సెప్పు."