కాకా లాగిన్‌లో అన్నీ తెరుచుకున్నాయి

కంప్యూటర్ ముందు కూర్చుంటే నాకు భయం తెలియదు. గొప్పలు పోవడం కాదు, ఉన్న మాట. సూరత్ రింగ్ రోడ్డు మీద ఒక చీరల కంపెనీ ఆఫీసులో పదకొండేళ్లుగా కంప్యూటర్ల బాగోగులు చూసేది నేనే. ప్రింటర్ మొరాయించినా, నెట్ పోయినా, ఎవరో కీబోర్డు మీద చాయ్ ఒలకబోసినా అందరి చూపూ నా కుర్చీ వైపే తిరుగుతుంది. పుట్టి పెరిగింది ఇదే ఊళ్లో, తెలుగు నేతవాళ్లుండే లింబాయత్‌లో, గోడకి అటుపక్క పవర్‌లూమ్ మగ్గాలు పొద్దస్తమానం దడదడలాడే ఇంట్లో. అందుకేనేమో, పక్కన ఎవరెంత కంగారు పడినా నా చెయ్యి వణకదు. ముక్కు మీద కోపం ఉన్న మాట నిజమే. దాన్ని తగ్గించాలని ముందు మా అమ్మ చూసింది, తర్వాత మా ఆయన చూశాడు. ఇద్దరూ విసిగి వదిలేశారు.

ఈ సంగతి మొన్నటి ఎండాకాలం నాటిది. బుధవారం పొద్దున పదిన్నరకి, చీరలు చూపించే గదిలోంచి అమ్మాయి ఒకటే కేక. "దీదీ, ఒక్క డిజైన్ కూడా తెరుచుకోవట్లేదు. చీరలు కొనే పార్టీ వచ్చి కూర్చుంది!"

మా డిజైన్లన్నిటికీ ఒక పెద్ద జాబితా ఉంది. ఎక్సెల్ షీటులో వరసగా నంబర్లు. నంబరు మీద నొక్కితే దానికి కట్టిన లింకు పట్టుకుని ఆ డిజైన్ పీడీఎఫ్ తెరుచుకుంటుంది. అంచు గ్రాఫ్, కొంగు గ్రాఫ్, ఏ రంగు నూలు ఎక్కడ రావాలో, అన్నీ అందులోనే. ఆ జాబితా తయారుచేసింది నేనే కాబట్టి దాని మీద నాకు కాస్త గర్వం కూడా. ఆ రోజు ఏ నంబరు నొక్కినా తెర మీద ఒకే మాట వస్తోంది: ఈ ఫైలు తెరవడానికి మీకు అనుమతి లేదు.

రెండు నిమిషాల పని అనుకున్నాను. ఇలాంటివి నాకు కొట్టిన పిండి. ఎవరో ఫోల్డర్ పేరు మార్చి ఉంటారు, లింకు దారి తప్పి ఉంటుంది. జాబితా పక్కన పెట్టి నేరుగా ఫోల్డర్‌లోకి వెళ్లాను. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకదాని మీద రెండుసార్లు నొక్కాను. అదే మాట. అంటే లింకు తప్పు కాదు. పక్క కంప్యూటర్‌లో చూశాను, అక్కడా అంతే. పీడీఎఫ్ చూపించే ప్రోగ్రామ్ చెడిందా అంటే, కొత్త డిజైనర్ ఈ వారం గీసిన, ఇంకా జాబితాకెక్కని డిజైన్లు హాయిగా తెరుచుకుంటున్నాయి. పాత ఆరు వందలే మొండికేశాయి. ఆ ఆరు వందలూ కాకా గీసినవి.

కాకా మా ఆఫీసు డిజైనర్. ఎవరికీ బాబాయి కాదు, అందరికీ కాకాయే. గుజరాతీ వాళ్లు కూడా అలాగే పిలిచేవారు. తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్ల ఇంట్లో పుట్టి, మగ్గం మీద మొదలుపెట్టి, గ్రాఫ్ కాయితం మీద పెన్సిల్‌తో గడులు నింపడం నేర్చి, యాభై దాటాక నా దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నాడు. మౌస్ పట్టుకోవడం నేర్పినప్పుడు "ఇది ఎలుక గాదు బిడ్డా, పాము" అని తిట్టుకునేవాడు. కళ్లు అలసిపోతున్నాయని అంతకుముందు శనివారమే మా దగ్గర మానేశాడు. సూరత్ దగ్గరి కిమ్‌లో ఒక చిన్న చీరల యూనిట్ వాళ్లు సగం పూట పనికి రమ్మన్నారు. వచ్చే సోమవారం చేరాలి.

ఇంతలో కంపెనీ యజమాని సేఠ్ నా వెనక వచ్చి నిలబడ్డాడు. మంచివాడే, కానీ పార్టీ ఎదురుగా కూర్చుని ఉంటే మనిషి మనిషి కాదు. "ఏమైంది? ఎవరు చేశారు?" అన్నాడు హిందీలో. నేను ఒక ఫైలు వివరాలు తీసి, ఎవరికి అనుమతి ఉందో చూశాను. అక్కడ ఒక్కటే పేరు ఉంది. కాకా పేరు.

"కాకాకి తప్ప ఇంకెవరికీ పర్మిషన్ లేదు సేఠ్‌జీ" అన్నాను.

చూసింది చూసినట్టు చెప్పాననుకున్నాను. కానీ నేను చెప్పిన తీరులో ఇక అడగాల్సింది ఏమీ లేదన్నట్టు ఉంది. నేను మాట్లాడితే ఎప్పుడూ అలాగే ఉంటుంది. సేఠ్ మొహం ఎర్రబడింది. "పోతూ పోతూ తాళం వేసుకుని పోయాడా? డిజైన్లు కిమ్‌కి మోసుకెళ్తున్నాడా?" అంటూ ఫోన్ తీశాడు. కిమ్ యూనిట్ యజమాని సూరత్ మార్కెట్ అంతటికీ తెలిసిన తెలుగాయన. నేను వింటుండగానే, నా కుర్చీ వెనక నిలబడే, మా కాకా డిజైన్ల దొంగ అని ఆయనకి చెప్పేశాడు. "మా కంప్యూటర్ మేడమ్ చూసి చెప్పింది" అని కూడా అన్నాడు.

ఆ మాటకి అర్థం ఏమిటో నాకు బాగా తెలుసు. చీరల పనిలో ఒక మనిషి తాగుబోతు అన్నా పని దొరుకుతుంది, గొడవ మనిషి అన్నా దొరుకుతుంది. డిజైన్ ఎత్తుకుపోయాడంటే మాత్రం ఇక్కడి నుంచి ఊరవతల ఉన్, సచిన్ పేటల దాకా ఏ గడపా ఎక్కనివ్వరు. ముప్పై ఏళ్లు గీసిన చేతికి ఇంక పని ఉండదు.

సేఠ్ పార్టీ దగ్గరికి వెళ్లిపోయాడు. నేను తెర వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది. శనివారం సాయంత్రం కాకా లాగిన్‌ని మూసేసింది నేనే. ఎవరు మానేసినా మూసేస్తాను, అది నా పద్ధతి. అంటే ఈ ఫైళ్లు మాకే కాదు, ఇప్పుడు కాకాకి కూడా తెరుచుకోవు. దొంగ అయినవాడు తాళం వేసి తాళంచెవి మనకిచ్చి పోతాడా?

ఆ శనివారం ఏం చేశామో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. కాకా డిజైన్లు మొదటి నుంచీ ఆఫీసు పెద్ద కంప్యూటర్‌లో ఆయన సొంత ఫోల్డర్‌లో ఉండేవి. పని పూర్తికాని గ్రాఫులు ఎవరూ చూడకూడదని, ఆ ఫోల్డర్ కాకా ఒక్కడికే తెరుచుకునేలా ఏళ్ల కిందట పెట్టింది కూడా నేనే. పార్టీ వస్తే కాకాయే తన లాగిన్‌లో తెరిచి చూపించేవాడు. మానేసే ముందు వాటిని అందరి ఫోల్డర్‌లోకి మార్చాలి. నేను కాపీ చేయబోయాను. కాకా నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కాపీ ఒద్దు బిడ్డా. కట్ చెయ్యి. నా దిక్కు ఒక్కటన్న మిగిలితే రేపు మాటొస్తది."

నేను మారు మాట్లాడకుండా కట్ చేశాను. వేరే కంప్యూటర్ మనిషి అయితే నవ్వేవాడు. నేను నవ్వలేదు, ఎందుకంటే నేనూ ఆ నేతవాళ్ల ఇళ్లలోనే పెరిగాను. చిన్నప్పుడు మా నాన్న కారఖానా నుంచి తెచ్చిన గ్రాఫ్ కాయితం చూసి, అందులో మామిడి పిందె బాగుందని నా లెక్కల నోటుబుక్కులో గీసుకున్నాను. నాన్న ఆ పేజీ చింపి పొయ్యిలో పెట్టాడు. కొట్టలేదు, తిట్టలేదు. "నకలు దీసినోడని పేరొస్తే మగ్గం మీద చెయ్యి పెట్టనియ్యరు" అన్నాడు. ఆరేళ్ల పిల్లకి ఏం అర్థమైందో కానీ, డిజైన్ అనేది ఒక్కచోటే ఉండాలని మాత్రం ఒంటికి పట్టింది. కాకాకీ అంతే.

చిక్కంతా అక్కడే ఉంది. కాపీ చేస్తే కొత్త ఫైలు పుడుతుంది, అది తను చేరిన ఫోల్డర్ నియమాలకి లోబడుతుంది. అదే డిస్కులో కట్ చేసి మార్చితే ఫైలు ఇల్లు మారుతుంది కానీ పాత ఇంటి అనుమతులు తనతోనే తెచ్చుకుంటుంది. ఈ విషయం నాకు తెలుసు. తెలిసి మరిచిపోయాను. సందేహం తీరాలని ఒక ఉత్తుత్తి ఫైలు తయారుచేసి చూశాను. కాపీ చేసింది తెరుచుకుంది. కట్ చేసింది అనుమతి లేదంది.

మరి ఆ రోజే ఎందుకు బయటపడలేదు? ఎందుకంటే సరిచూసింది కాకాయే. మధ్యాహ్నమంతా అన్నం కూడా సగమే తిని, జాబితాలో ఆరు వందల నంబర్లూ ఒక్కొక్కటే నొక్కి, తెరుచుకున్నదాని పక్కన టిక్కు పెట్టాడు. అన్నీ తెరుచుకున్నాయి. తెరుచుకోవా మరి, కూర్చున్నది తన లాగిన్‌లో! ఆ తర్వాత బుధవారం దాకా పార్టీ ఎవరూ రాలేదు. నేను పక్కనే ఉండి, "శభాష్ కాకా, ఒక్కటీ తప్పలేదు" అన్నాను. ఇంకొకరి లాగిన్‌లో ఒక్కటంటే ఒక్కటి తెరిచి చూడాలని నాకు తట్టలేదు. కొత్తగా పనిలో చేరిన వాళ్లని ఇలాంటి పొరపాటుకి నేను ఎన్నిసార్లు చెడామడా తిట్టానో.

బాగుచేయడం ఎలాగో తెలుసు. పై ఫోల్డర్‌కి ఉన్న అనుమతులే లోపలి ఫైళ్లన్నిటికీ వర్తించాలని చెప్పి ఒక్క నొక్కు నొక్కితే చాలు. నొక్కబోయి ఒక్క క్షణం ఆగాను. ముందు సేఠ్ చేత కిమ్‌కి ఫోన్ చేయిస్తే? చేసేదాకా ఫైళ్లు తెరవనంటే? పార్టీ కూర్చుని ఉంది, చచ్చినట్టు చేస్తాడు. నా కోపానికి ఆ ఆలోచన తెగ నచ్చింది. కానీ అలా చేస్తే నిజంగా తాళం వేసింది నేనే అవుతాను. నొక్కేశాను. వరసగా ఫైళ్ల పేర్లు పరిగెత్తాయి. కాసేపటికి చీరల గదిలోంచి "ఆ గయా దీదీ, అన్నీ వచ్చేశాయి!" అని వినిపించింది.

పార్టీ వెళ్లేసరికి ఒంటిగంట అయింది. అప్పుడు సేఠ్ బల్ల ముందుకి వెళ్లి నిలబడి, జరిగిందంతా చెప్పాను. తప్పు కాకాది కాదు, నాది అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకుని నవ్వి, "పోనీలే, పని అయింది కదా" అని టిఫిన్ డబ్బా తెరిచాడు.

"కిమ్‌కి ఫోన్ చెయ్యండి సేఠ్‌జీ."

"చేస్తాలే."

"ఇప్పుడే చెయ్యండి. నేను ఇక్కడే ఉంటాను."

నా మొహం చూసి డబ్బా మూత పెట్టాడు. ఫోన్ చేసి, "కంప్యూటర్‌మే గడ్‌బడ్ థీ" అని ముగించబోయాడు. కంప్యూటర్‌లో గడబిడ అంటే ఎవరు నమ్ముతారు? సర్ది చెబుతున్నారనుకుంటారు. చెయ్యి చాచి ఫోన్ అడిగాను. ఆశ్చర్యపోయి ఇచ్చాడు.

"అన్నా, కంప్యూటర్ల గడ్‌బడ్ ఏం లేదు. తప్పు చేసింది నేను. కాకా తన దగ్గర ఒక్క నకలు గూడ ఉండద్దని నాతోని అన్నీ తీయించిండు. నేను సరిగ్గ తీయలే. గంతే."

అవతల ఆయన వెంటనే పట్టుకున్నాడు. "పొద్దుగాల మీ కంప్యూటర్ మేడమే చెప్పిందన్నరు గద?"

"ఆ మేడమ్‌ను నేనే."

"నేను ఆయనకు ఫోన్ చేసి రావద్దని చెప్పేసిన."

"మళ్ల చెయ్యుండ్రి. ఇప్పుడే చెయ్యుండ్రి."

చేస్తానన్నాడు. సాయంత్రం ఆఫీసు కాగానే షేరింగ్ ఆటో ఎక్కి లింబాయత్ వెళ్లాను. కాకా ఇల్లు మా అమ్మ వాళ్ల సందుకి రెండు సందుల అవతల. చాప మీద కూర్చుని ఉన్నాడు. చిన్నమ్మ, అంటే ఆయన భార్య, లోపల చాయ్ పెడుతోంది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టి, కట్ అంటే ఏంటి, కాపీ అంటే ఏంటి, అనుమతులు ఎలా వెంట వస్తాయి, అన్నీ చెప్పాను. కాకా శ్రద్ధగా విన్నాడు.

"అంటే నకలు తీస్తే ఏం కాకపోతుండె."

"ఏం కాకపోతుండె కాకా."

పకపకా నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ నవ్వు ఆగాక అన్నాడు, "కిమ్ ఆయన మళ్ల ఫోన్ చేసిండు. సోమవారం రమ్మన్నడు. అది సరే. మొదట చేసినప్పుడు, మీ కంప్యూటర్ పిల్లనే చెప్పిందట గద అన్నడు. అన్నవా బిడ్డా?"

సేఠ్ కల్పించాడని చెప్పొచ్చు. ఎవరూ అడిగేవాళ్లు లేరు.

"అన్న కాకా. నీకు తప్ప ఎవ్వరికీ పర్మిషన్ లేదని అన్న."

"అంత చూసినంక అన్నవా, చూడకముందేనా?"

"చూడకముందే."

ఆయన తల ఊపాడు. కోపం లేదు, అదే నాకు కష్టమనిపించింది. "ఆ రెండు మూడు గంటలు మీ చిన్నమ్మ నన్ను ఒక్కటే అడిగింది. నిజం చెప్పు, ఒక్కటన్న దాసిపెట్టుకున్నవా అని. లేదన్న. మరి ఆ పిల్ల ఎందుకంటది, ఆ పిల్లకు తెల్వనిది ఉండది గద అన్నది."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నలభై ఏళ్ల సంసారంలో ఆమె ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి అయి ఉంటుంది. అడిగించింది నేను. నాకు తెలియనిది ఉండదని నలుగురి చేతా అనిపించుకోవడానికి ఇన్నేళ్లు కష్టపడ్డాను, ఆ మంచి పేరే కాకా మీద పడింది.

వంటింటి గడప దగ్గరికి వెళ్లాను. "చిన్నమ్మా, తప్పంత నాదే. కాకా ఒక్క కాయితం గూడ..."

ఆమె స్టవ్ ఆపింది. చాయ్ మూడు గ్లాసుల్లో పోసి ఒకటి నా చేతిలో పెట్టింది. "నువ్వు చెప్పుడు అయిపోయింది బిడ్డా" అంది మెల్లగా. "ఇగ ఆయనకు నేను చెప్పుడే మిగిలింది."

మిగతా రెండు గ్లాసులూ తీసుకుని వెళ్లి చాప మీద కాకా పక్కన కూర్చుంది. ఆయన ఇంకా గ్లాసు అందుకోలేదు. నేను నా చాయ్ వాకిట్లో నిలబడి తాగి, గ్లాసు గోడ మీద పెట్టి, చెప్పులు వేసుకున్నాను.