నేను కాపురం పెట్టిన గది

"భోజనం, వసతి ఉచితం" అన్న మాట విని ఎవరైనా మురిసిపోతే నాకు ఒళ్లు మండుతుంది. ఊరికే ఇచ్చింది కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు లాక్కోవచ్చని ఇచ్చినవాడి ధీమా. ఆ ధీమాను నేను రెండేళ్లు భరించాను.

శ్రీకూర్మంలో గుడికి దగ్గరగా ఉన్న ఒక లాడ్జిలో కౌంటర్ పని నాది. వచ్చినవాళ్లకు గదులు చూపించడం, తాళాలివ్వడం, వేడినీళ్లు రాలేదని అరిస్తే తలూపడం. అంతకుముందు నెల్లిమర్లలో అన్నయ్య ఇంట్లో ఉండేదాన్ని. చిన్న ఇల్లు, నిండా మనుషులు. అందరూ టీవీ చూడడం అయ్యాక హాల్లో నా చాప పరుచుకునేదాన్ని. వదిన మంచిదే, ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. కానీ ముప్ఫై దాటినా, తలుపేసుకుని ఏడవడానికైనా నాకంటూ ఒక చోటు లేదు. అందుకే జీతం తక్కువైనా, ఉండడానికి గది ఇస్తామనగానే బట్టలు సర్దుకుని వచ్చేశాను.

గది మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన. ఒక మంచం, ఫ్యాను, కిటికీ. మొదటి సెలవు రోజున లోపల గడియ పెట్టుకుని మధ్యాహ్నం దాకా పడుకున్నాను. లేపేవాళ్లు లేరు. అంత సుఖం నేనెన్నడూ ఎరగను.

పండగ రద్దీ వస్తేగానీ అసలు సంగతి తెలియలేదు. లాడ్జిలో గదులు ఎనిమిది. అవి నిండగానే మేనేజరు సుద్దముక్కతో నా తలుపు మీద "9" అని రాసేసేవాడు.

"రెండ్రోజులే కదమ్మా, సర్దుకో" అనేవాడు.

నా బట్టలు మూటగట్టి, దుప్పట్లు పెట్టే కొట్టులోకి చేరేదాన్ని. పైగా నా గది తాళం నా చేత్తోనే, నవ్వు మొహం పెట్టుకుని, ఎవరికో ఇవ్వాలి. వాళ్లు వెళ్లాక చూస్తే నా దిండుకి ఎవరిదో తలనూనె, నా కిటికీలో ఎవరివో బీడీ ముక్కలు. మేనేజరు తడిగుడ్డతో ఆ అంకె తుడిచేసి "ఇంక నీదే" అనేవాడు. నాకు అన్నిటికంటే ఆ మాటకే ఎక్కువ మండేది.

కిందటేడు నాకు తిక్క రేగింది. రద్దీ మొదలయ్యే రోజు పొద్దున్నే లేచి గది కడిగాను. గడపకి పసుపు రాసి బొట్లు పెట్టాను, గుమ్మానికి మామిడాకులు కట్టాను. కొత్త గిన్నె కొనుక్కొచ్చి కరెంటు పొయ్యి మీద పాలు పెట్టాను. పనివాళ్లకిచ్చిన గదిలో పాలు పొంగించినవాళ్లను నేనెక్కడా చూడలేదు. చూడకపోతేనేం!

పాలు సరిగ్గా పొంగుతుండగా మేనేజరు వచ్చాడు, చేతిలో సుద్దముక్కతో. వెనకాల ఒక ముసలావిడ, సంచులు మోస్తూ ఆవిడ కోడలు.

"ఏటిది?" అన్నాడు.

"గృహప్రవేశం సారూ."

"ఇది నీ ఇల్లనుకుంతన్నావేటి?"

"నానుంతన్నాను. నా ఇల్లే."

"ఉజ్జోగం వొద్దేటి నీకు?"

"కావాల. గదీ కావాల. రెండూ ఇస్తామనే కదా పిలిసినారు."

ఉద్యోగం పోతే మళ్లీ ఆ హాలే, ఆ చాపే. అయినా గుమ్మంలోంచి కదల్లేదు.

ముసలావిడ అతన్ని పక్కకి జరిపి లోపలికి తొంగిచూసింది.

"ఓలమ్మ, పాలు పొంగిస్తన్నావేటే! ఈ పూటే సేరినావా?"

"పనిలో సేరి రెండేళ్లయింది మామ్మా. కాపరం పెట్టింది మాత్రం ఈ పూటే."

ఆవిడ మేనేజరు వైపు తిరిగింది. "పాలు పొంగిన ఇంట్లోంచి ఆడకూతుర్ని గెంటీసి మమ్మల్ని తొంగోమంతావేటి బాబూ? మాకొద్దు." కోడలితో "పదవే, గుడికాడే ఎక్కడో తొంగుందాం" అంది.

మేనేజరు మొహం మాడిపోయింది. సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

ఆవిడ మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగబోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ గది ఎవరికీ ఇవ్వకూడదని కాదు నా పంతం. ఇస్తే నేనే ఇవ్వాలని. వెళ్లి కోడలి చేతిలో సంచి అందుకున్నాను.

"ఎక్కడికీ ఎల్లొద్దు మామ్మా. లోపలికి రండి. పరవాన్నం తిని మంచమ్మీద నడుం వాల్చండి. నానూ మీ కోడలూ కింద పక్కేసుకుంతాం."

మేనేజరుకి ప్రాణం లేచొచ్చింది. "అదీ మాట! మరైతే అద్దె కట్టించుకో" అన్నాడు.

"ఇంటికొచ్చిన సుట్టాలకి అద్దేటి సారూ? మీరూ రండి, పరవాన్నం తిందురుగాని" అన్నాను. అతను ఒక కాలు గడప మీద పెట్టబోయాడు.

"సెప్పులు బయట ఇప్పండి."