జీపులో శ్రీలంకకు

తొంభైల నాటి మాట. పెనుకొండలో నేను ఏడో తరగతి చదువుతున్నాను. హిందూపురం, ధర్మవరం మధ్య జీపు నడిపే మా నాయన ఆదివారాలు బానెట్ మీద నా అట్లాసు పరిచేవాడు. వేసవి సెలవుల్లో శ్రీలంక టీ తోటలు చూపిస్తానని పెన్సిలుతో దారి గీసేవాడు. రేడియేటర్‌కు నీళ్లు పోసుకునే ఊళ్లకు సున్నాలు చుట్టేవాడు.

నేను క్లాసులో గొప్పగా చెప్పేశాను.

"జీపు సముద్రాన్ని ఎట్ల దాటుతాదమ్మా?" అన్నారు టీచరు. అందరూ పడీపడీ నవ్వారు. ఏడుస్తూ ఇంటికొచ్చి నాయనను అదే అడిగాను.

ఆయన మ్యాపులో మనకూ శ్రీలంకకూ మధ్యనున్న సన్నటి నీలిగీత మీద వేలు పెట్టాడు. "మన పెన్న ఏరు మాదిరే అనుకొంటినమ్మా. ఎండాకాలం ఇసకే కదా ఉండేది, జీపు దాటిపోతాదని..."

మళ్లీ ఎప్పుడూ ఆ అట్లాసు పరచలేదు.

ఆ తర్వాత పన్నెండేళ్లకు విమానంలో శ్రీలంక వెళ్లాను. కిందంతా నీళ్లే. అయినా నా కళ్లు ఇసుక కోసమే వెతికాయి.