బ్యాటరీ నీళ్ల మొక్క

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు రేపల్లె ప్యాసింజరు తెనాలిలో ఆగింది. నాన్న దిగాడు. నేను స్టేషన్ గడియారం కిందే నిలబడి ఉన్నాను కాబట్టి టైము గుర్తుంది. తొంభైల మొదట్లో ఒక ఫిబ్రవరి ఆదివారం అది. ఆయన చేతిసంచీలో చిక్కుడుకాయలు, పెరుగు కేను, వాటి పక్కన న్యూస్‌పేపర్లో కట్టిన యూరియా పొట్లం ఉన్నాయి. పొలానికి కొన్న బస్తాలోంచి గుప్పెడు తీసి, పిల్లల ఇళ్లలో మొక్కలకు తీసుకురావడం ఆయన అలవాటు. మల్లెపాదు ఉంటే మల్లెపాదుకు, ఏమీ లేకపోతే తులసికోటకు. పొట్లం లేకుండా ఆయన మా ఇంటి గడప తొక్కిన గుర్తు లేదు.

మేం వెళ్తున్నది అక్క ఇంటికి. అక్క తెనాలిలో ఒక ఆడపిల్లల కాలేజీలో బాటనీ చెప్పేది. పెళ్లి వద్దనుకుంది, ఆ సంగతి ఇక్కడ అవసరం లేదు. అమ్మ అప్పటికే లేదు. నేను బాపట్లలో స్కూలు మాస్టరుని, ఆదివారాలు వచ్చి వెళ్లేవాణ్ణి. అక్క పోయి ఈ మాఘమాసానికి ఏడాది. పోయినవాళ్లను ఉన్నదానికన్నా మంచిగా రాయడం సులువు. అందుకని చూసినవీ విన్నవీ మాత్రమే రాస్తాను. చూడనిది ఒకటుంది. అది చూడలేదనే రాస్తాను.

చూడనిది ఇదీ. ఆ జనవరిలో అక్క బాపట్లలో మా ఇంటికి వచ్చింది. నేను స్కూలుకు వెళ్లిన పూట తనొక్కతే సముద్రం వైపు బయల్దేరి, సరుగుడు తోటల అవతల ఇసుక పల్లంలోకి వెళ్లింది. నవంబరు తుపాను నీళ్లు అక్కడ నిలిచి, అప్పుడప్పుడే ఇంకుతున్నాయట. సాయంత్రం నేను వచ్చేసరికి టిఫిన్ డబ్బాలో తడి ఇసుక ముద్ద, దాని మీద పావలా బిళ్లంత ఎర్ర మొక్క ఉన్నాయి.

"డ్రోసిరా," అంది. "బాపట్లలో ఉందంటే ఎవరూ నమ్మరు."

ఆ ఆదివారానికి ఆ మొక్క తెనాలిలో అక్క ఇంట్లో, పెరటి గోడ పక్కన మట్టి మూకుడులో ఉంది. చిన్న చిన్న గరిటెల్లాంటి ఆకులు నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకున్నాయి. ఆకుల నిండా వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక కొసన ఒక జిగురు చుక్క. పొద్దెక్కినా ఆ చుక్కలు ఆరవు. చిన్న దోమ వాలిందంటే ఇక లేవదు. మన చేతిలో కాఫీ చల్లారేలోపు చుట్టుపక్కల వెంట్రుకలు దాని మీదికి వంగుతాయి. రెండు మూడు రోజులకు అక్కడ రెక్కలు, కాళ్లు మాత్రమే మిగులుతాయి.

నాన్న చెప్పులు విప్పకుండానే దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇదేంటమ్మాయ్, తెగులు పట్టినట్టుంది?"

"తెగులు కాదు నాన్నా. దాని రంగే అంత."

"రంగేంటి నీ మొహం. బలం లేక ఎర్రబడింది. జిగురు కూడా కారుతోంది చూడు, పురుగు పట్టింది."

"పురుగు దాన్ని పట్టలేదు. అదే పురుగుల్ని పట్టి తింటుంది."

నాన్న నా వైపు తిరిగాడు. "ఒరేయ్, మీ అక్క నన్ను ఆటపట్టిస్తోందిరా?"

ఆయనకు ఈ అనుమానం కొత్త కాదు. ఎనభైల్లో అక్క ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, భట్టిప్రోలు దగ్గర మా చేను పక్క బోదెలోంచి నాచులాంటి మొక్క ఒకటి తీసి చూపించింది. వేళ్లు లేవు. నీళ్ల పైన పసుపు పువ్వు, నీళ్ల లోపల ఆవగింజలంత తిత్తులు. తిత్తి మూతి దగ్గర నీటిపురుగు తగిలితే మూత లోపలికి తెరుచుకుని, నీళ్లతో పాటు దాన్ని లాగేసి, మళ్లీ మూసుకుంటుందని చెప్పింది. నాన్న చెయ్యి నీళ్లలో పెట్టి కాసేపు ఉంచి, "నా వేలు తినలేదే," అన్నాడు. ఏళ్ల తరబడి ఆయన పీకి గట్టున పారేసిన కలుపు అది. తను పీకింది వేటాడేదంటే ఆయన ఒప్పుకోడు.

మూకుడు పక్కన ఉన్న సీసా మీద ఆయన చూపు పడింది. దాని మీద బ్యాటరీ బొమ్మ ఉంది.

"బండి లేదు, కారు లేదు. బ్యాటరీ నీళ్లెందుకే?"

"మొక్కకి. మన బోరు నీళ్లలో ఉప్పులుంటాయి, అది తట్టుకోలేదు."

"మొక్కకి కొన్న నీళ్లు! ఊళ్లో చెప్పనులే, పరువు పోతుంది."

ఆ మొక్క బతకడం ఎంత అవసరమో నాకు తెలుసు. డిసెంబరులో అక్క ఫైనలియర్ పిల్లల్ని బాటనీ టూరుకు కొండల్లోకి తీసుకెళ్లింది. అక్కడి డ్రోసిరాను కుళ్లిపోకుండా ఫార్మలిన్ సీసాల్లో తెచ్చారు కూడా. నెల తిరక్కుండా బాపట్లలో దొరికిందని ఇంకొకటి తెస్తే ఎవరు నమ్ముతారు? వాళ్ల డిపార్ట్‌మెంట్ హెడ్ అసలు నమ్మలేదు. "బాపట్లలో సరుగుడు చెట్లుంటాయి గానీ డ్రోసిరా ఏంటండీ మేడమ్? టూరులో మిగిలిందేమో చూసుకోండి," అన్నాడట.

ఆయన్ను పూర్తిగా తప్పుపట్టలేను. ఆ కాలేజీల్లో ఎండబెట్టి అట్టలకు అతికించిన మొక్కలు సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారేవి. పాత ఊరు పేరు చీటీ పీకి, కొత్త ఊరు పేరు అంటించి మార్కులు వేయించుకునేవారు. పొన్నూరులో కోశానన్న మొక్క నిజానికి ఎక్కడిదో ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్లు అలాంటివి పట్టుకున్న మనిషి ఏ చీటీనీ నమ్మడు.

అక్క మాట నిజమో కాదో తేలడానికి ఒకే దారి ఉంది. కొండల్లోని ఆ రకం లేతగా ఉన్నప్పుడు ఇలాగే నేలకు అంటుకుని ఉంటుంది. ముదిరితే దాని కాడ ఆకులతో సహా పైకి లేస్తుంది. అక్క తెచ్చింది అది కాకపోతే, ఆకులు కిందే ఉండి, ఒట్టి కాడ ఒకటి లేచి పూస్తుంది. మార్చిలో ప్రాక్టికల్స్‌కు బయటి నుంచి వచ్చే ఎగ్జామినరుకు మొక్కల పేర్లు బాగా తెలుసు. అప్పటికి ఆ మొక్క పూస్తే అక్క మాట నిలబడుతుంది. లేకపోతే తను కూడా చీటీ మార్చిన మనిషే.

ఆ సాయంత్రం హెడ్ ఇంటికి వచ్చాడు, మొక్కను చూడాలని. లెన్సు పెట్టి చూశాడు. అక్క కాఫీ కలపడానికి లోపలికి వెళ్లింది, నేను కుర్చీలు తెచ్చాను. ఆ కాస్సేపూ ఆయన గోడ దగ్గర ఒంటరిగా ఉన్నాడు. కాఫీ తాగి, "ఇంకా లేతగా ఉందండి. ఇప్పుడేం చెప్పలేం," అని వెళ్లిపోయాడు. నాన్న ఆ వారం అక్కడే ఉండిపోయాడు, నేను రాత్రి బండికి బాపట్ల వెళ్లాను.

మళ్లీ ఆదివారం వచ్చేసరికి మూకుడులో నల్లటి మచ్చ ఉంది. జిగురు చుక్కలు లేవు. ఆకులు కాలిన కాగితంలా ఇసుకకు అతుక్కుపోయి ఉన్నాయి. నడిమధ్యన, కాడ లేవబోతూ ఆగిన మొగ్గ కూడా నల్లబడింది.

అక్క అప్పటికే స్టాఫ్ రూములో అందరి ముందూ హెడ్‌ను అడిగేసింది. ఇది నేను వినలేదు, తనే చెప్పింది.

"ఏం పోశారండీ అందులో?"

"కాఫీ తాగానండి. పోయలేదు."

అందరూ నవ్వారట. అక్క నవ్వలేదు. "మీరు వచ్చిన వారంలోనే పోయింది," అంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఆరోపణ చేసేముందు రుజువుండాలి మేడమ్. నేను మిమ్మల్ని అడిగింది కూడా అదే," అన్నాడట.

నాకూ ఆయన మీదే అనుమానం. జేబులో ఏం తెచ్చాడో, ఫార్మలిన్ చుక్క వేశాడో అని ఇద్దరం అన్నం తింటూ మాట్లాడుకుంటున్నాం. నాన్న మజ్జిగ పోసుకుంటూ అన్నాడు:

"నేనూ అదే అనుకుంటున్నానమ్మాయ్. బతకలేదేంటా అని. చిటికెడు యూరియా కూడా నీళ్లలో కలిపి పోశానే, నువ్వు కాలేజీకెళ్లినప్పుడు. రెండుసార్లు."

అక్క చెయ్యి కంచంలోనే ఆగింది. నాన్న ఇద్దరి మొహాలూ చూశాడు.

"ఏంటి? మల్లెపాదుకు కూడా వేశాను. అది ఏపుగా వచ్చింది చూడండి."

అక్క చెయ్యి కడుక్కుని వచ్చి ఆయన పక్కన కూర్చుంది. గొంతు పెంచలేదు. పిల్లలకు చెప్పినట్టు కూడా చెప్పలేదు.

"పొగాకు ఆకు పట్టుకుంటే చేతికి జిగురు అంటుతుంది కదా నాన్నా. చిన్న పురుగులు దానికి అంటుకుని చస్తాయి. తమను తినేవాటిని ఆపడానికి చాలా మొక్కలకు అలాంటి జిగురుంటుంది. ఈ మొక్క పూర్వీకులకూ అంతే అయ్యుండాలి. కానీ అవి బతికిన ఇసుకలో బలం లేదు. చచ్చిన పురుగుల సారం కొంచెం ఆకులోకి ఇంకినా, ఇంకినవాటికి నాలుగు గింజలు ఎక్కువొచ్చాయి. అలా ఎన్నో తరాలు గడిచాక ఆకే నోరైంది, కడుపైంది. వేళ్లకు తిండి తెచ్చే పని చాలావరకు పోయింది. నీళ్లు తాగడానికీ పట్టుకుని నిలబడటానికీ మిగిలాయి. ఆ వేళ్లకు నువ్వు యూరియా పెట్టావు."

"తిండి పెడితే చస్తుందా?"

"ఇది చస్తుంది."

"మరి అంత తెలివైంది మన చేలోకి రావచ్చుగా? బోలెడు బలం."

"ఆకుల్ని వలగా మార్చుకుంటే ఎండ పట్టే పని తగ్గిపోతుంది నాన్నా. బలమున్న నేలలో గడ్డి దీన్ని కప్పేస్తుంది. ఏమీ లేని చోటే దీనికి చోటు."

"మొక్క పోయిందని నా మీద పెడుతున్నావు," అన్నాడు నాన్న. "యాభై ఏళ్ల సేద్యంలో యూరియాతో చచ్చిన మొక్కను చూడలేదు." ఆయన నిజంగానే నమ్మలేదు. ఆ రాత్రి నన్ను మళ్లీ అడిగాడు, "నిజం చెప్పరా. ఆ హెడ్డు గారిని కాపాడ్డానికా ఇదంతా?"

మర్నాడు అక్క హెడ్ దగ్గరికి వెళ్లి, మొన్న అన్నది తప్పని, మా నాన్న యూరియా పోశాడని చెప్పింది. ఆయన విని తలూపాడట. "పూసే ముందే పోయిందన్నమాట. బాగా కుదిరిందండీ."

నిజం చెప్పినందుకు వచ్చిన జవాబు అది. అప్పటి నుంచి స్టాఫ్ రూములో డ్రోసిరా మాట అక్క ఎత్తలేదు.

నాకో ప్రశ్న ఉండేది, అడగలేదు. టిఫిన్ డబ్బా మూత తీసినప్పుడు ఇసుక చూశాను, మొక్క చూశాను. పల్లం చూడలేదు.

మరుసటి జనవరిలో అక్కే అంది, బాపట్ల వెళ్దామని. నాన్నను కూడా తీసుకొచ్చింది. సరుగుడు తోటలు దాటేసరికి ఇసుక పల్లం లేదు. అక్కడ రొయ్యల చెరువులు తవ్వారు. ఎత్తైన గట్లు, మోటార్ల చప్పుడు, నీళ్లలో మేత వాసన. గట్టు మీద కాపలా మనిషి లేచి వచ్చాడు.

"ఎవరండీ? ఏం కావాలి?"

"మొక్క చూద్దామని," అన్నాడు నాన్న.

"మొక్కా? రొయ్యల కోసం వచ్చి మొక్కంటున్నారా పెద్దాయనా?" అతను మా సంచులు తడిమి చూశాకగానీ వదల్లేదు.

అక్క గట్టు వెలుపలి వైపు దిగింది. తవ్వగా మిగిలిన ఇసుక మడి అక్కడ మంచమంత ఉంది. కాసేపు వంగి నడిచి, ఆగి, చేత్తో పిలిచింది. వెళ్లి చూశాం. ఎర్ర బిళ్లలు, ఇసుక మీద చెల్లాచెదురుగా. రెండింటికి నూలుపోగంత కాడలు లేచాయి. కాడలకు ఆకుల్లేవు. కొసన తెల్లటి పువ్వులు, కందిగింజంత.

"చూశారుగా?" అంది అక్క.

"చూశాం," అన్నాను.

"ఒకటి తీసుకెళ్లి వాళ్ల మొహాన కొట్టమ్మాయ్," అన్నాడు నాన్న.

"ఎక్కడిదంటారు. బాపట్లంటాను. మళ్లీ మొదటికొస్తుంది నాన్నా."

తను ఏమీ తీయలేదు. నాన్న మాత్రం వెనకబడి, ఎండిన కాడ ఉన్న చోట గుప్పెడు ఇసుక కాగితంలో పొట్లం కట్టుకున్నాడు. తెనాలి వచ్చాక ఆ పొట్లాన్ని పాత మూకుడులో పోశాడు. అందులో పొడిలాంటి గింజలున్నాయి. కొన్ని వారాలకు మొలకలొచ్చాయి. ఆ తర్వాత ఆయన రేపల్లె నుంచి వచ్చినప్పుడల్లా యూరియా పొట్లం మల్లెపాదు దగ్గరే ఆగేది. స్టేషన్ నుంచి వస్తూ దారిలో బ్యాటరీ షాపు దగ్గర రిక్షా ఆపించి, నీళ్ల సీసా కొనేవాడు. షాపతను "బండేంటండీ?" అంటే "పెద్ద బండిలే," అనేవాడు. మూకుడులో మొక్కలు ఏటా చలికాలం పూసి, ఎండల్లో పోయి, రాలిన గింజల నుంచి మళ్లీ లేచేవి.

తొంభైల చివర్లో హెడ్ తన రిటైర్మెంట్ భోజనాలకు పిలవడానికి అక్క ఇంటికి వచ్చాడు. ఆ రోజు నేనూ ఉన్నాను, నాన్నా ఉన్నాడు. ఆయన చూపు పెరటి గోడ వైపు పోయింది. మూకుడులో మూడు కాడలు పూసి ఉన్నాయి. లేచి వెళ్లి, వంగి చూశాడు. ఈసారి లెన్సు లేదు. కాడ మొదలు నుంచి చివరి వరకు చూసి, కళ్లజోడు సర్దుకున్నాడు. ఆయనకు తెలిసిందని నాకనిపించింది. కానీ అలవాటు కొద్దీ అడిగాడు.

"టూరు నుంచి తెచ్చారా మేడమ్?"

"అవునండీ," అంది అక్క.

ఆయన పిలుపు చీటీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నాన్న ఊరుకోలేదు.

"బాపట్ల ఇసకదని చెప్పవేంటి? నేను మోసుకొచ్చాను, నేను చెబుతాను!"

"నమ్మాలనుకుంటే అడిగేవాడు కాదు నాన్నా. రా, అన్నం తిందాం."

ఆ "అవునండీ" అలసటో, ఎకసెక్కమో, నిజమో నాకు తెలియలేదు. రెండోసారి దొరికింది బాపట్లలోనే, అది నేను చూశాను. మొదటి మొక్క సంగతి అక్క ఒక్కదానికే తెలుసు. తర్వాత పుస్తకాల్లో చదివాను: తిత్తుల మొక్కకూ జిగురు మొక్కకూ చుట్టరికం లేదట. వేరు వేరు వంశాలు, బలంలేని చోట్ల, వేరు వేరుగా ఈ పనికే వచ్చాయి. అక్క ఈ మాట ఎప్పుడో చెప్పింది, ఒకేలా ఉన్నాయని ఒకటే అనుకోకని. నేను చదివాకే నమ్మాను.

ముందు నాన్న పోయాడు. ఆ తర్వాత నీళ్ల సీసా అక్కే కొనేది. ఇప్పుడు మూకుడు బాపట్లలో నా దగ్గర ఉంది, ఇసుకతో సహా. అందులో మొలకలు మాత్రం లేవు. బ్యాటరీ షాపులో మేం నీళ్లు కొనడం లేదు.