దశరథ్ విన్న సంబరం

దశరథ్‌కు అన్నం పెట్టేది చెవులే. జర్మనీలోని జిండెల్ఫింగెన్ కార్ల ఫ్యాక్టరీలో, కొత్త కారు లోపల కళ్లు మూసుకుని కూర్చుంటాడు. ఎక్కడో ఒక ప్లాస్టిక్ ముక్క మరో ముక్కతో గుసగుసలాడుతుంది. ఆ గుసగుస ఎక్కడిదో చెప్పడం అతని ఉద్యోగం.

ఆ చెవులు జనగామలో నాన్న పటాకుల దుకాణంలో పెరిగినవి. ఓట్ల లెక్కింపు రోజు ఆ దుకాణానికి రెండో దీపావళి. ఏ వీధిలో పటాకుల లడీ పేలినా, అది ఎంత పొడుగుదో, ఎవరి గెలుపుదో దశరథ్ లోపలి గదిలోంచే చెప్పేవాడు. గెలుపంటే అతనికి ఎర్ర కాగితం ముక్కలు పరుచుకున్న రోడ్డు, కాలిన మందు వాసన, నోట్లో ఎవరో పోసిన చక్కెర.

ఎదురు ఫ్లాట్‌లో హలీమా ఉంటుంది. సోమాలియాలోని మొగదిషు నుంచి వచ్చి, ఇక్కడ వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. ఆ మే నెల రాత్రి వాళ్లింట్లో వైఫై పోయి, ఫోన్ పట్టుకుని దశరథ్ వాళ్ల వంటింట్లోకి వచ్చింది. ఏళ్ల తరబడి యుద్ధం నలిపిన ఆ దేశానికి కొత్త అధ్యక్షుడు ఎవరో ఆ రాత్రే తేలాలి. వీడియో కాల్‌లో వాళ్లమ్మ, మిద్దె మీద, గాలికి ఊగే ముసుగుతో. దశరథ్ భార్య కావ్యశ్రీ టీ పోసింది.

ఫలితం వచ్చింది. ఫోన్‌లోంచి ఊరంత కేక. వెంటనే టపటపటపా.

“లడీ! కావ్యా, విన్నవా? పదివేల లడీ పెట్టిన్రు!” దశరథ్ చక్కెర డబ్బా కోసం లేచాడు. “ఎవలు గెలిస్తేంది, మనకు నోరు తీపి.”

“నీ సంబురం పాడుగాను, ఆమె మొఖం జూడు ముందు.”

హలీమా ఫోన్‌లోకి తన భాషలో అరుస్తోంది. తెర మీద అమ్మ లేదు. నల్లటి ఆకాశం, అందులో పైకి పాకుతున్న ఎర్రటి గీతలు. తర్వాత అవీ లేవు. కాల్ తెగిపోయింది.

“అవి తుపాకులు,” హలీమా జర్మన్‌లో చెప్పింది. “సంతోషం పట్టలేక ఆకాశంలోకి కాలుస్తారు. పైకి పోయింది కిందికి రావాలి కదా. అమ్మ మిద్దె మీదే ఉంది.”

దశరథ్ డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమె మళ్లీ మళ్లీ కాల్ చేసింది. టీ మీద మీగడ కట్టింది. కావ్యశ్రీ ఆమె వీపు మీద వేసిన చేయి తీయలేదు.

చివరికి కాల్ కలిసింది. చీకటి తెర. అందులోంచి ఒక ముసలి నవ్వు. మెట్ల కింద, పక్కింటి ఆడవాళ్లతో ఇరుక్కుని కూర్చుందట. చప్పుడు ఆగినట్టుంది, మళ్లీ పైకి పోతానంటోందట. ఊరంతా పండగ చేసుకుంటుంటే తను మెట్ల కింద ఉండాలా అని.

హలీమా ఫోన్‌ను దశరథ్ చెవి దగ్గర పెట్టింది. “నీ చెవులు మంచివి. ఆగిందా?”

అతను కళ్లు మూసుకున్నాడు. కార్ల హారన్లు, ఎవరిదో పాట, ఎక్కడో దూరంగా ఒక టప్. తలుపు వేసిన చప్పుడు కావచ్చు. కాకపోనూవచ్చు.

“నాకు తెలీదు,” అన్నాడు. ఒక చప్పుడు గురించి ఆ మాట అతని నోట కావ్యశ్రీ ఎన్నడూ వినలేదు. “కిందే ఉండమను. మిద్దె ఎక్కడికీ పోదు, తెల్లారాక ఎక్కొచ్చు.”

హలీమా చెప్పింది. అటునుంచి సణుగుడు, ఆ తర్వాత ఒప్పుకోలు. కాసేపటికి మెట్ల కింది ఆడవాళ్లంతా నాలుక ఆడిస్తూ పొడుగ్గా, సన్నగా ఒక సంబరపు కూత తీశారు. హలీమా తల వెనక్కి వంచి అదే కూత అందుకుంది. కూత ఆగగానే కావ్యశ్రీ ఆమె నోట్లో చిటికెడు చక్కెర పోసింది.

కాళ్ల కింద నేల ఠక్ ఠక్‌మంది.

ముగ్గురూ బిగుసుకుపోయారు. ముందుగా నవ్వింది దశరథే. ఈ చప్పుడు మాత్రం అతనికి తెలుసు. కింది ఫ్లాట్ ముసలామె, గోల ఆపమని చీపురు కర్రతో తన సీలింగ్ పొడుస్తోంది.

“ఆమెకు గూడ ఇంత చక్కెర ఇచ్చి రానా?”

“పొద్దున పో,” అంది కావ్యశ్రీ. “ఇప్పుడు వోతే ఆ కర్ర నీ వీపు మీదనే.”