కుండ ఆరేదాకా

మా అక్క తొమ్మిదో తరగతికి సాహిత్యం చెప్పేది. అదే బడిలో నేను లెక్కలు చెప్పేవాణ్ణి. మా గదులు రెండింటికీ మధ్య పలుచని చెక్కగోడ ఒక్కటే అడ్డం. నా పిల్లలు ఒక చెవితో త్రికోణాల సంగతి, రెండో చెవితో పక్కగదిలో రాజు మంత్రితో ఏమన్నాడన్న సంగతి వినేవారు. ఎప్పుడూ రెండో చెవిదే పైచేయి.

అక్క కథ చెప్పదు, ఆడుతుంది. రాజైతే గొంతు ఛాతీలోంచి వచ్చేది. కాకి అయితే ముక్కులోంచి. ముసలమ్మ అయితే పళ్లు ఊడిపోయినట్టే వినిపించేది. బడి ఓడరేవు వెనక వీధిలో ఉంది. రోజంతా క్రేన్ల రొద, లారీల హారన్లు. వాటన్నిటి మీదా తన గొంతు చివరి బెంచీకి అందాలని ఆమె పట్టుదల.

ఓడరేవులో పనికోసం నానా దేశాల నుంచి మనుషులు వచ్చి ఉండటం వల్ల, ఆ తరగతిలో ఒక్కో బెంచీది ఒక్కో ఇంటిభాష. బడిలో అందరూ ఒకే భాష మాట్లాడేవారు. గుమ్మం దాటితే ఎవరిది వారిదే. అక్కకు దాని మీద ఎప్పుడూ ఏదో ఒక సందేహం. భోజనాల దగ్గర కూర్చుని, "ఒరే, అన్ని భాషల్లోనూ పొడుపుకథలు ఉంటాయంటావా? మనుషులకి తెలిసిన సంగతిని దాచిపెట్టి అడగాలని ఎందుకనిపిస్తుంది?" అనేది. కళ్లజోళ్ల దుకాణం నడిపే మా బావ, "ముందు ఆ కంచంలో ఏముందో పొడుపు విప్పవే, చల్లారిపోతోంది" అనేవాడు.

ఆ ఏడాది పాఠ్యపుస్తకంలో కొత్తగా ఒక పాఠం చేర్చారు: ప్రపంచ సాహిత్య ప్రక్రియలు. పేజీకి రెండేసి గళ్లు, గడికో నిర్వచనం. గాథ అనగా ఇది, విషాదాంతం అనగా అది, ఇతివృత్తం అనగా మరొకటి. పిల్లలు చిలకల్లా అప్పజెప్పేవారు. అక్క ఒకరోజు పుస్తకం మూసేసి, మా అమ్మ చిన్నప్పుడు మాకు చెప్పిన కథ ఎత్తుకుంది.

అనగనగా ఒక కుమ్మరామె. చక్రం మీంచి కుండ దించి అరుగు మీద పెట్టిందో లేదో, ఎవరో తలుపు తట్టారు. తీసి చూస్తే చావు. "పద, నీకోసమే వచ్చాను" అంది. కుమ్మరామె మట్టిచేతులు చూసుకుని, "వస్తాను గానీ, ఈ కుండ ఆరేదాకా ఆగు" అంది. చావు సరేనని గుమ్మంలో కూర్చుంది.

సరిగ్గా అక్కడ అక్క గొంతు ఆగిపోయింది.

గోడకివతల నేను విన్నాను. ముందు చిన్న గరగర, తరువాత గాలి, ఆపైన ఏమీ లేదు. నా తరగతి మొత్తం నావైపు కాకుండా గోడవైపు తిరిగింది. నేను వెళ్లేసరికి అక్క బల్ల పట్టుకుని నిలబడి నోరు తెరుస్తోంది, మూస్తోంది. పిల్లలు అది కూడా కథలో భాగమే అనుకుని కన్నార్పకుండా చూస్తున్నారు.

గొంతు డాక్టరు లోపలికి అద్దం పెట్టి చూసి, స్వరతంతువుల మీద బొడిపెలు లేచాయన్నాడు. చిన్న ఆపరేషన్ చేశాడు. "నేను చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడకూడదమ్మా. గుసగుసలు కూడా వద్దు. గుసగుస ఇంకా చెడ్డది" అన్నాడు. అక్క నావైపు తిరిగి కళ్లతోనే "ఎందుకట?" అని అడిగింది. నేనే అడగాల్సి వచ్చింది. గుసగుసలాడేటప్పుడు తంతువులు మరింత బిగుసుకుపోతాయట.

ఇంట్లో మొదటి రోజు బావ సరదాగానే ఉన్నాడు. "పెళ్లయిన ఇన్నేళ్లకి ఈ ఇంట్లో నా గొంతెలా ఉంటుందో నాకే తెలిసింది బావమరిదీ" అన్నాడు. వారం తిరక్కుండానే ఆయన ముఖం వాడిపోయింది. దుకాణం మూసి ఇంటికొచ్చి, రేడియో పెట్టి, మళ్లీ కట్టేసి, "అది ఏదైనా పిచ్చిప్రశ్న అడిగితే బాగుండునయ్యా" అన్నాడు నాతో.

హెడ్మాస్టరు సెలవు తీసుకోమన్నారు. అక్క వినలేదు. మాట్లాడకూడదన్నారు గానీ బడికి వెళ్లకూడదనలేదుగా! మెళ్లో చిన్న పలక వేలాడదీసుకుని తరగతిలోకి అడుగుపెట్టింది. ఆమెకు తోడుగా ఆ రోజు నుంచి ఆ పీరియడుకి నేను కూడా వెళ్లాను, అల్లరి అదుపు చేయడానికి. అవసరం పడలేదు.

"టీచర్, తర్వాత ఏమైంది? కుండ ఆరిందా?" అని అందరూ ఒక్కసారే అడిగారు. కథ సగంలో ఆగడంతో వాళ్లకి అన్ని రోజులూ నిద్ర పట్టలేదట. అక్క నవ్వి, సుద్దముక్క తీసుకుని, ముగింపు రాయడానికి బోర్డువైపు తిరిగింది.

"నాకు తెలుసు టీచర్" అన్నారెవరో.

కిటికీ పక్కనుండే అమ్మాయి. నోట్లో నాలుక లేనట్టుండే పిల్ల కావడంతో తరగతిలో అందరూ ఆమెను గుసగుస అనేవారు. దూరాన ఏదో ద్వీపం నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది.

అక్క సుద్దముక్క అలాగే పట్టుకుని వెనక్కి తిరిగింది.

"మా నాయనమ్మ చెప్పింది టీచర్. కుండ ఆరింది. ఆమె దాన్ని చేత్తో తట్టి చూసింది, ఖంగుమంది. బాగా కుదిరిందనుకుంది. చేతులు తుడుచుకుని చావుతో వెళ్లిపోయింది. అంతే."

తరగతంతా కిటికీవైపు తిరిగింది.

"తప్పు! అస్సలు అలా కాదు!" అంటూ మూడో బెంచీలోంచి ఒకడు లేచాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. వాణ్ణి లాయరు అనేవారు. వాళ్ల నాన్న ఎడారి దేశం నుంచి వచ్చి గిడ్డంగిలో పనిచేసేవాడు. "మా తాత చెప్పాడు. ఆమె మహా జాణ. చావు చూడనప్పుడల్లా కుండ మీద నీళ్లు చిలకరిస్తూ ఉంటుంది. అది ఎప్పటికీ ఆరదు. చావు విసిగిపోయి, 'నీ కుండా వద్దు, నువ్వూ వద్దు' అని లేచి పోతుంది."

తరగతి గొల్లుమంది. గుసగుస మాత్రం నవ్వలేదు. "మా నాయనమ్మ అబద్ధం చెప్పదు" అంది.

"మా తాత మాత్రం చెప్తాడా?"

నేను అక్కవైపు చూశాను. ఆమె కళ్లు ఇంతింతలయ్యాయి. అది మా అమ్మ కథ, మా ఇంటి కథ అనుకుంటూ వచ్చింది అన్నాళ్లూ. మధ్యలో సముద్రాలున్న రెండు ఇళ్లలో అదే కుమ్మరామె, అదే అరుగు. సుద్దముక్క కింద పెట్టేయబోయి, మళ్లీ తీసుకుని బోర్డు మీద ఇంతే రాసింది: "ఇంకా ఎవరింట్లో ఉంది ఈ కుండ?"

మర్నాటి నుంచి కథలు రావడం మొదలైంది. ఒకడి ఇంట్లో అది కథే కాదు, పొడుపుకథ: "తడిగా ఉంటే నేనుంటాను, ఆరితే పోతాను, ఎవర్ని?" ఇంకో అమ్మాయి వాళ్లమ్మ కుండ మాటే ఎరగదు. వాళ్లది జాలరుల కుటుంబం, అందులో ఆమె వల అల్లుతూ ఉంటుంది, చివరి ముడి ఎప్పటికీ వేయదు. మరొకరింట్లో అది పాట. చల్లటి దేశం నుంచి వచ్చిన ఒకడు, తమ ఇంట్లో కథ "ఉండేదట, ఉండేదీ కాదట" అని మొదలవుతుందని చెప్పాడు. "ఉండేది కాకపోతే ఎందుకురా చెప్పడం?" అని లాయరు కేకేశాడు. "ఉండేదని ఒట్టేస్తే అది చరిత్ర పీరియడు" అన్నాడు వాడు.

ఒకరోజు అక్క పలక మీద రాసి చూపించింది: "మీ ఇంట్లో చావు ఆడా, మగా?" పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కొందరికి మగవాడు, కొందరికి ఆడమనిషి. మరి కొందరికి మన భాషలో లాగే రెండూ కాదు, అది. ఆడమనిషైన ఇళ్లలో చావూ కుమ్మరామే కూర్చుని కబుర్లు చెప్పుకుంటారట. మగవాడైన ఇళ్లలో వాడు ఎక్కువగా మోసపోతాడట. ఇది నిజంగా నియమమా, లేక మా తరగతిలో అలా కలిసొచ్చిందా అని నాకు అనుమానం. లెక్కల మనిషిని కదా. ఈ కాసిని కథలతో నియమం తేలదని అన్నాను. అక్క పలక మీద రాసింది: "తేలకపోతే ఇంకా మంచిది."

ఆ రాత్రి భోజనాల దగ్గర బావ అడిగాడు. "అందరి ఇళ్ల సంగతీ సరే, మీ అమ్మగారి కథలో చివరికి ఏమవుతుంది?"

"చావు గుమ్మంలో కూర్చుని కూర్చుని నిద్రపోతుంది బావా" అన్నాను. "కుమ్మరామె దానికి దుప్పటి కప్పి, పక్కనుంచి దాటి బయటికెళ్లిపోతుంది."

అక్క తల అడ్డంగా ఊపింది. పలక మీద రాసింది: "కాదు. కుండ ఆరింది. వెళ్లింది."

"ఏం మాట్లాడుతున్నావక్కా! అమ్మ పక్కలో పడుకుని విన్నాను నేను. దుప్పటి రంగు కూడా చెప్పేది."

అక్క పలక తుడిచి, నెమ్మదిగా రాసింది: "నువ్వా ఏడాది జబ్బుపడ్డావు. మంచం దిగలేదు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ జ్వరం నాకు గుర్తుంది. కిటికీ తెర, మందు వాసన, అమ్మ గొంతు గుర్తున్నాయి. అమ్మ నాకోసం కథ ముగింపు మార్చిందన్నది మాత్రం అప్పటిదాకా తెలియదు. అడుగుదామంటే అమ్మ లేదు. బావ నెమ్మదిగా లేచి నాకు మంచినీళ్లు ఇచ్చాడు.

మరునాడు అక్క బోర్డు మీద కొత్త ప్రశ్న రాసింది: "కథ ఎలా ముగియాలో ఎవరు నిర్ణయిస్తారు? చెప్పేవాళ్లా, వినేవాళ్లా?" ఆపైన పాఠ్యపుస్తకం తెరవమని సైగ చేసింది. అప్పటిదాకా గళ్లలో కూర్చున్న నిర్వచనాలకు పని పడింది. గుసగుస చెప్పిన కథ విషాదాంతం అని ఒకరన్నారు.

"ఎలా అవుతుంది?" అన్నాడు లాయరు. "కుమ్మరామె ఏడ్చిందా? కుండ బాగా కుదిరిందని సంతోషపడి పోయిందిగా?"

గుసగుస లేచి నిలబడింది. ఈసారి చివరి బెంచీకి కూడా వినిపించింది. "ఆమె ఏడవలేదు. ఏడ్చేది మనం. పుస్తకంలో ఎవరు ఏడవాలో రాయలేదు."

లాయరు పుస్తకం తిరగేసి చూశాడు. నిజంగానే రాయలేదు.

హెడ్మాస్టరు ఒకసారి తలుపు దగ్గర నిలబడి అరగంట విన్నారు. బయటికొచ్చాక నాతో, "బాగుందయ్యా, కానీ పరీక్షలో కుండ గురించి అడగరు" అన్నారు. ఆయన భయం ఆయనది. పరీక్షలో నిజంగానే అడగలేదు. కొందరికి మంచి మార్కులొచ్చాయి. గుసగుస మాత్రం గాథకూ కథకూ తేడా అడిగితే నిర్వచనం రాయకుండా, ఆ రెండూ వాళ్ల నాయనమ్మ దగ్గర ఎలా కలిసిపోతాయో రాసుకుంటూ పోయి, సగం మార్కులు తెచ్చుకుంది. అక్క ఆ జవాబు చదివి, దిద్దినవాళ్లను తిట్టలేదు. "అడిగిందొకటి, రాసిందొకటి కదా" అని పలక మీద రాసి, ఆ కాగితాన్ని మాత్రం మళ్లీ మళ్లీ చదువుకుంది.

డాక్టరు చివరికి మాట్లాడమన్నాడు. వచ్చిన గొంతు పాతది కాదు. సన్నగా, గరుగ్గా, ఒక్కోచోట జారిపోతూ ఉండేది. ఇక మీదట రాజులూ కాకులూ వద్దని కూడా చెప్పాడు. ఆసుపత్రిలో అక్క తలూపి ఊరుకుంది. ఇంటికొచ్చాక వంటింట్లో కాకి గొంతు ప్రయత్నించింది. రాలేదు. స్టవ్ పక్కన నిలబడి ఏడ్చింది. అన్ని రోజుల మౌనంలో ఒక్కసారి కూడా ఏడవని మనిషి. బావ వెళ్లి పక్కన నిలబడ్డాడు. కాసేపటికి ఆయనే, "కావ్" అన్నాడు. అంత ఘోరమైన కాకిని నేనెప్పుడూ వినలేదు. అక్క కన్నీళ్ల మధ్యే పకపకా నవ్వింది.

హెడ్మాస్టరు గ్రంథాలయం చూసుకోమన్నారు, గొంతుకు శ్రమ ఉండదని. అక్క వద్దంది. తరగతిలోనే ఉంది, కానీ తీరు మారిపోయింది. ఇప్పుడామె కథ మొదలుపెడుతుంది, సగంలో ఆపుతుంది. మిగతాది పిల్లలది. చెక్కగోడకు అవతలినుంచి నాకు వినిపించేది ఆమె కాదు, వాళ్లే. ఒకడు కాకి, ఇంకొకడు రాజు. నా పిల్లల త్రికోణాల పరిస్థితి ఏమీ మెరుగుపడలేదు.

మొన్న కొత్తగా ఒక పిల్లవాడు చేరాడు. పశువులు తోలుకుంటూ ఎప్పుడూ ఊళ్లు మారే జనం నుంచి వచ్చాడు. కుమ్మరామె కథ సగం విన్నాడో లేదో చెయ్యెత్తాడు.

"మా దగ్గర చావు తలుపు తట్టదు టీచర్."

"మరి?" అంది అక్క, ఆ గరుకు గొంతుతో.

"మా ఇళ్లకి తలుపులుండవు. గుడారాలు. అది లోపలే ఉంటుంది. అందరితో పాటే తింటుంది. ఎవరూ దాన్ని పలకరించరు, అంతే."

"ఎందుకు పలకరించరు?"

"నాకు తెలీదు టీచర్. అడగాలి."

అక్క కుర్చీ లాక్కుని వాడి బెంచీ ఎదురుగా కూర్చుంది. "అడిగి రా," అంది. "ఈలోపు నీకు తెలిసినంత చెప్పు."